పాత గ్రాండ్ పియానో అమ్మితే తిరిగి ఎంతొస్తుంది?

అమ్మాయ్, మీది పాలకొల్లు అన్నావు కాబట్టి అంబాజీపేట ఆడపడుచుగా చనువుగా చెబుతున్నాను. పక్కవీధి వాళ్ళ గ్రాండ్ పియానో నాలుగు వేల డాలర్లకి కొని, పాప నేర్చుకున్నాక ఎనిమిదికి అమ్ముతానంటున్నావు. ఆ ఎనిమిది ఎక్కడ చూశావు? ప్రకటనల్లోనే కదా! అది అమ్మేవాళ్ళు అడిగే ధర. మా కొబ్బరి మార్కెట్లో రైతు ఆశపడ్డ రేటు వేరు, పలికిన రేటు వేరు.

మేం అమెరికా వచ్చిన కొత్తలో నల్లగా నిగనిగలాడే బేబీ గ్రాండ్, అంటే చిన్న సైజు గ్రాండ్ పియానో ఒకటి చవగ్గా వస్తోందని మా వారు ఎగిరి గంతేశారు. ఊరూ పేరూ లేని కంపెనీ. రూపాయల్లో లెక్కేస్తే నాకు గుండె దడ. అయినా "ఎప్పుడమ్మినా డబ్బులొస్తాయి" అనేసరికి నేనూ ఊఁ అన్నాను. కాళ్ళు విప్పి, పక్కకి తిప్పి తేవాలి, మామూలు సామాను వాళ్ళు ముట్టుకోరు. ఆ మోతకే వందల డాలర్లు. తీరా శ్రుతి చేయడానికి వచ్చినాయన పిన్‌బ్లాక్ పోయిందన్నాడు. పియానోలో సుమారు 230 తీగలుంటాయి, అన్నీ కలిపి లాగే బరువు 18-20 టన్నులు. ఆ తీగల మేకుల్ని పట్టి ఉంచే చెక్కే పిన్‌బ్లాక్. అది వదులైతే శ్రుతి నిలవదు. బాగుచేయించాలంటే కొన్నదానికంటే ఎక్కువవుతుంది. ఊరికే ఇస్తామన్నా ఎవరూ రాలేదు. చివరికి మేమే ఎదురు డబ్బులిచ్చి తీయించాం! ఇప్పుడు మా హాల్లో మంచి యమహా ఉందనుకో, బేరం తెలిశాక కొన్నది.

నువ్వు ముందు మూతెత్తి, లోపలి ఇనప చట్రం మీద సీరియల్ నంబరు చూడు, తయారైన ఏడాది తెలుస్తుంది. స్టెయిన్‌వే, యమహా, కవాయ్ అయితే తర్వాత కొనేవాళ్ళు దొరుకుతారు. పొడవు అయిదడుగుల లోపుంటే ఆశ తగ్గించుకో. పియానో టెక్నీషియన్స్ గిల్డ్ అని పియానోలు శ్రుతి చేసి బాగుచేసేవాళ్ళ సంఘం ఉంది, అందులో రిజిస్టరైన టెక్నీషియన్‌ని నీ డబ్బుతోనే పిలు, అమ్మేవాళ్ళ మనిషి వద్దు. బాగా పాతదైతే వేళ్ళతో నొక్కే మెట్ల (కీల) మీద ఏనుగు దంతం ఉందేమో అడుగు. 2016 నుంచి అమ్మకాల మీద కట్టుబాట్లు గట్టివి, ఆ రూల్స్ నువ్వే చూసుకో. షోరూమ్ ధరలో వాళ్ళ లాభం, వారంటీ కలిసుంటాయి. ఇంట్లోంచి అమ్మితే అంత రాదు.

అమ్ముడవకపోతే పాలకొల్లు పంపిస్తానంటావేమో. పియానోకి 40-50 శాతం తేమ చాలు. మన కాలవగట్టు గాలికి చెక్క ఉబ్బుతుంది, తీగలు తుప్పు పడతాయి.

రెండు వేల దగ్గర బేరం మొదలుపెట్టు. మోత ఖర్చు వాళ్ళనే పెట్టుకోమను.