గోంగూర పులుపు, బియ్యపు చల్లదనం

ప్రశ్న: మా అమ్మాయి ఉద్యోగరీత్యా మెక్సికో నగరంలో ఉంటోంది. వచ్చే వేసవిలో నేనూ మావారూ నెల రోజులు అక్కడ ఉండబోతున్నాము. మేము మద్యం ముట్టము, సీసాల్లో వచ్చే కూల్‌డ్రింకులు మాకు పడవు. అక్కడివారు పూర్వం నుంచీ తాగే పానీయాల్లో మేము రుచి చూడదగ్గవి ఏవి? ఇంట్లో చేసుకోగలిగేవి ఉన్నాయా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ముందుగా 'అగ్వా ఫ్రెస్కా' అమ్మే అంగడికి వెళ్ళండి. పండ్లనో గింజలనో పూలనో నీటితో, చక్కెరతో కలిపి చేసే పానీయాలు అక్కడ పెద్ద పెద్ద గాజు జాడీల్లో వరుసగా కనిపిస్తాయి. వాటిలో ఎర్రనిదాన్ని మొదట అడగమంటాను. దాని పేరు హమైకా. పేరు కొత్తగా ఉన్నా, అది మన ఎర్ర గోంగూర జాతి మొక్కే. మనం ఆకు కోసి పప్పులో వేసుకుంటాము. వారు పువ్వు రాలాక కాయను పట్టుకుని ఉండే ఎర్రని, కండగల రక్షకపత్రాలను ఎండబెట్టి, నీళ్ళలో మరిగించి, వడగట్టి, చక్కెర కలిపి చల్లార్చుతారు. మొదటి గుక్కలోనే ఆ పులుపును మీ నాలుక గుర్తుపడుతుంది. చింతపండు నీళ్ళు కూడా అమ్ముతారు గానీ, మనకు అందులో కొత్తేమీ ఉండదు.

తెల్లనిది ఓర్చాతా. స్పెయిన్‌లోని వాలెన్సియాలో దీన్ని తుంగ జాతి గడ్డలతో చేస్తే, మెక్సికోలో బియ్యంతో చేస్తారు. అనంతపురం ఎండలకు ఇంట్లో చేసుకోదగ్గది ఇదే. గ్లాసు బియ్యం కడిగి, వేలెడు దాల్చినచెక్కతో రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, ఐదు గ్లాసుల నీళ్ళు కలిపి, పలుచని బట్టలో వడగట్టి, తగినంత చక్కెర వేయండి. పిండి అడుగుకు దిగుతుంది కనుక ప్రతిసారీ గరిటెతో అడుగు నుంచి కలిపి పోసుకోవాలి. ఫ్రిజ్‌లో ఉంచి ఆ రోజే తాగేయండి.

అయితే రాగిజావ తాగి పెరిగిన సీమవారి మనసుకు దగ్గరయ్యేది అతోలే అని నా నమ్మకం. మొక్కజొన్నను సున్నపు నీటిలో ఉడికించి, కడిగి, రుబ్బిన ముద్దను నీళ్ళలోనో పాలలోనో కాచి, పొద్దున్నే వేడివేడిగా తాగుతారు. అందులో చాక్లెట్టు, బెల్లం వంటి ముడి చక్కెర చేరిస్తే చంపుర్రాదో అవుతుంది. నురగ రావడానికి మోలినీయో అనే చెక్క కవ్వాన్ని రెండు అరచేతుల మధ్య పట్టి గిరగిరా తిప్పుతారు. ఆ దృశ్యం చూడడానికైనా ఒక ఉదయం బజారుకు వెళ్ళండి.

రెండు విషయాల్లో మాత్రం జాగ్రత్త. అనాస తొక్కలను ముడి చక్కెరతో కొన్ని రోజులు పులియబెట్టి చేసే తెపాచేలో కొద్దిపాటి మద్యం ఉంటుంది. కిత్తనార జాతి మొక్క నుంచి కారే రసం పులిస్తే వచ్చే పుల్కే మన కల్లు వంటిదే. దాన్ని పండ్ల గుజ్జు కలిపి రంగురంగులుగా అమ్ముతారు, చూస్తే పండ్లరసమే అనిపిస్తుంది. అనుమానం వచ్చిన చోట 'సిన్ ఆల్కోల్' అని అడగండి, అంటే మద్యం లేనిది అని. కొందరు ఓర్చాతాలో పాలు కలుపుతారు. పడకపోతే 'సిన్ లెచే' అనండి. తీపి తగ్గించమనడానికి 'పోకా అసూకర్' అంటే చాలు.