ఓడ ఎప్పుడొస్తుందో చెప్పాలంటే

చి. బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

ఏఐఎస్ డేటాతో, అంటే ఓడలు తమ చోటూ వేగమూ రేడియోలో పంపే సమాచారంతో, విశాఖకి ఓడలు ఎప్పుడు చేరతాయో ముందే చెప్పే ప్రోగ్రాం రాస్తున్నావని మీ అమ్మ చెప్పింది. కోడ్ నాకు రాదు గానీ, ఓడల ఏజెంటు ఆఫీసులో పనిచేసినవాణ్ణి కాబట్టి ముందుగా ఒకటి అడుగుతాను. రాక అంటే నీ లెక్కలో ఏది? రేవులోకి దారి చూపే పైలట్ ఓడ ఎక్కే చోటికి చేరడమా, బయట లంగరు వేయడమా, సరుకు దించే బెర్తుకి తాళ్ళు కట్టడమా? వీటి మధ్య ఒక్కోసారి రోజులే గడిచిపోతాయి. నడిసముద్రంలో బొగ్గు ఓడ 12 నాట్ల వేగానికి అటూఇటూగా నిలకడగా వస్తుంది, దాన్ని లెక్కకట్టడం పెద్ద పని కాదు. తప్పేదంతా రేవు గుమ్మంలోనే.

దానికి కారణం డబ్బు. బెర్తు ఖాళీ లేదని తెలిసినా చాలా ఓడలు వేగం తగ్గించవు. వచ్చి, సరుకు దించడానికి సిద్ధం అని నోటీసు ఇస్తేనే ఒప్పందం ప్రకారం గడియారం నడవడం మొదలవుతుంది. గడువు దాటితే డెమరేజీ, అంటే ఆలస్యానికి ఓడవాళ్ళకి కట్టే పరిహారం. అందుకని వేగం చూసి బెర్తు తేదీ ఊహించకు. అదే రకం సరుకుతో యాంకరేజీలో, అంటే బయట లంగరేసే చోట, ఇంకెన్ని ఓడలు కాచుకుని ఉన్నాయో లెక్కపెట్టు. అదీ నీ డేటాలోనే ఉంది.

ఉంది గానీ, లంగరు వేసినట్టు చూపించే స్టేటస్‌ని నమ్మకు. దాన్ని మనిషి మార్చాలి, మర్చిపోతుంటారు. వేగం అర నాటు లోపు ఉండి, ఓడ చిన్న వలయంలోనే తిరుగుతుంటే లంగరేసినట్టే. గమ్యం, ఈటీఏ (చేరతామని ఓడవాళ్ళు అంచనా వేసే సమయం) కూడా చేత్తో కొట్టేవే. ఒకరు ఐఎన్‌వీటీజెడ్ అని విశాఖ రేవు కోడ్ కొడతారు, ఒకరు వైజాగ్ అంటారు, ఇంకొకరు గమ్యం ఇంకా తేలలేదని ఫర్ ఆర్డర్స్ అని వదిలేస్తారు. ఈటీఏ యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉండాలి, కొందరు ఇక్కడి టైము కొట్టేస్తారు. సరిగ్గా అయిదున్నర గంటల తేడా కనిపిస్తే మోడల్‌ని తిట్టుకోకు. పైగా అందులో సంవత్సరం ఉండదు, డిసెంబరు చివర్లో చూసుకో. వేగం 102.3 అని ఉంటే ఆ సమాచారం లేదని అర్థం, సగటులో కలిపేవు!

ఒడ్డు మీది యాంటెన్నాలకి నడి బంగాళాఖాతం అందదు. అక్కడ ఉపగ్రహాలే దిక్కు, మధ్యలో గంటల కొద్దీ ఖాళీలు వస్తాయి. వాటిని సరళరేఖతో కలిపేస్తే నీ ఓడ నికోబార్ దీవుల మీదుగా నడుస్తుంది. పాత ఓడలు నిజంగా వెళ్ళిన దారులతో పూడ్చు. 2023 చివర్లో ఎర్రసముద్రంలో దాడులు మొదలయ్యాక చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి రావడం మొదలుపెట్టాయి కాబట్టి, యూరప్ దారికి అంతకుముందు డేటాని వేరుగా పెట్టు. తుఫాను వారాలూ అంతే. హుద్‌హుద్ లాంటిది వస్తే రేవులో ఉన్న ఓడలనే బయటికి పంపేస్తారు.

డ్రాఫ్టు, అంటే ఓడ నీటిలో ఎంత లోతు మునిగిందో చెప్పే కాలమ్‌ని పారేయకు. హుగ్లీలో లోతు చాలదు కాబట్టి హల్దియా వెళ్ళే పెద్ద ఓడలు విశాఖలోనో పరాదీప్‌లోనో కొంత సరుకు దించి వెళ్తుంటాయి. గమ్యం హల్దియా అని ఉండి డ్రాఫ్టు 14 మీటర్లుంటే, అది నేరుగా అక్కడికి పోయే ఓడ కాదు.

టెర్మినల్ వాళ్ళకి ఒకే గంట చెప్పకు, ఇంతనుంచి ఇంతలోపు అని చెప్పు. కూలీలనీ క్రేన్లనీ వాళ్ళు దాన్నిబట్టే పిలుచుకుంటారు. నీ పట్టికలో బెర్తు వరుసకి కాలమ్ పెట్టావో లేదో రాయి.

మీ మావయ్య