పిట్ట పిల్లలతో ఎనిమిది గంటల ప్రయాణం

నాన్నా,

పెద్దమ్మ ఆశీస్సులు. నెలాఖరుకి ఇల్లు మారుతున్నారనీ, కాక్‌టీల్ (తల మీద కుచ్చున్న చిన్న చిలక) జంటనీ వాటి నాలుగు పిల్లల్నీ కారులోనే తీసుకెళ్తారనీ తెలిసిన దగ్గర్నుంచి నా మనసు వాటి మీదే ఉంది. నేను లెక్కేశాను. బయల్దేరే రోజుకి పెద్ద పిల్లకి 17 రోజులు, చివరిదానికి 11. పెద్దదానికి ముళ్ళలాంటి ఈకలు పొడుచుకొస్తూ ఉంటాయి, చిన్నది అప్పుడప్పుడే కళ్ళు తెరిచి ఉంటుంది.

నాలుగు వారాలు ఆగగలిగితే ఆగు. ఐదు వారాలు దాటాక ఒళ్ళంతా ఈకలొచ్చి, గూడు పెట్టెలోంచి బయటికొచ్చి కర్ర మీద కూర్చుంటాయి. అప్పుడు వాటిని తీసుకెళ్ళడం చాలావరకు పెద్ద పిట్టల్ని తీసుకెళ్ళినట్టే. ఇప్పుడు మాత్రం ఒంట్లో వేడిని నిలుపుకోవడం వాటికి చేతకాదు. తల్లిదండ్రుల రెక్కల కిందా, ఒకదాని ఒళ్ళు ఒకటి ఆనుకునీ బతుకుతున్నాయి. ఇల్లు ఇచ్చినవాళ్ళని గడువు అడిగి చూడు. పిట్టల్ని పెంచే స్నేహితులు దగ్గర్లో ఉంటే, పంజరం గూడుతో సహా కొన్నాళ్ళు వాళ్ళింట్లో ఉంచడం కూడా మంచిదే.

ఏదీ కుదరకపోతే మాత్రం ఒంటరిగా బయల్దేరకు. డ్రైవ్ చేసేవాళ్ళు ఒకరు, వెనక పిల్లల పెట్టె పక్కన ఒకరు ఉండి తీరాలి.

చాలా ఏళ్ళ కిందట నేను మూడు పిల్లల్ని ఇలాగే తీసుకెళ్ళాను. వేడినీళ్ళ సీసాని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాను. రెండు గంటలు గడిచేసరికి సీసా చల్లారిపోయింది. చల్లారిన సీసా వేడి ఇవ్వకపోగా, ఆనుకున్నవాటి ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. పిల్లలేమో అలవాటుగా దాన్నే హత్తుకుని పడుకున్నాయి. బండి ఆపి చూస్తే చిన్నది చేతికి చల్లగా తగిలింది. మెడ కింద మేత చేరే సంచి ఉంటుంది చూడు, అందులో పొద్దున తిన్నది తిన్నట్టే ఉంది. ఒళ్ళు చల్లబడితే మేత కిందికి దిగదు. నేను కంగారులో నీరసంగా ఉందనుకుని ఇంకాస్త పెట్టాను. మర్నాటికి ఆ పిల్ల దక్కలేదు. నాన్నా, చల్లబడ్డ పిల్లకి ముందు వెచ్చదనం ఇవ్వాలి. ఒళ్ళు వేడెక్కి, సంచి ఖాళీ అవడం మొదలయ్యాకే మేత.

అందుకే పెట్టె గురించి కాస్త ఎక్కువ చెప్తాను. గాలి ఆడేలా పైన, పక్కన రంధ్రాలున్న గట్టి పెట్టె తీసుకో. అందులో నలుగురూ ఒకరినొకరు ఆనుకుని పట్టేంత గుండ్రటి టబ్బు పెట్టు. విశాలంగా ఉంటే కారు మలుపు తిరిగినప్పుడల్లా అటూ ఇటూ దొర్లుతాయి. అడుగున మందంగా టిష్యూ పేపర్ పరుచు. టవల్ వద్దు, దారాల్లో గోళ్ళు చిక్కుకుంటాయి. ఉత్త న్యూస్‌పేపర్ అసలే వద్దు. నున్నటి నేల మీద లేత కాళ్ళు జారి పక్కలకి విచ్చుకుపోతాయి.

వేడినీళ్ళ సీసాని రెండు మడతల గుడ్డలో చుట్టి పెట్టెలో ఒక పక్కనే, టబ్బుకి బయట ఆనించి పెట్టు. రెండో పక్క చల్లగా ఉంటేనే, వేడి ఎక్కువైన పిల్ల పక్కకి జరగగలుగుతుంది. థర్మామీటర్ మూతకి కాకుండా పిల్లలున్న ఎత్తులో ఉండాలి. ఈ వయసుకి అక్కడ 31, 32 డిగ్రీలు ఉంటే చాలు. ఫ్లాస్కులో వేడినీళ్ళు ఉంచుకుని, ఆగిన ప్రతిసారీ సీసా చల్లారకముందే మార్చెయ్. అంకె ఎంత చూపించినా పిల్లల వైపు కూడా చూడు. ఎడంగా జరిగి, మెడలు చాచి, నోరు తెరిచి రొప్పుతున్నాయంటే వేడి ఎక్కువైంది. కుప్పగా ఒదిగి, చర్మం పాలిపోయి, వణుకుతున్నాయంటే చలి.

తల్లిదండ్రుల్ని గూడు పెట్టెలో పిల్లలతో పాటే ఉంచి తీసుకెళ్దామని నీకు అనిపిస్తుంది, నాకూ అనిపించేది. కుదుపులకి అవి బెదిరిపోయి పిల్లల్నే తొక్కేస్తాయి. వేరే చిన్న పంజరంలో పక్కనే ఉంచు, పిల్లల అరుపులు వాటికి వినబడుతూ ఉంటాయి. మన చెయ్యి తగిలితే తల్లి పిల్లల్ని వదిలేస్తుందన్న మాట నమ్మకు. పెంపుడు పిట్టల్లో అలా జరగడం నేను చూడలేదు. అవి గూటికి దూరమయ్యేది చెయ్యి తగిలినందుకు కాదు, భయానికి. పంజరంలోంచి ఊయల, బొమ్మలు, బరువు గిన్నెలు తీసెయ్. కర్రని కిందికి దించు. నీళ్ళ గిన్నె ఎలాగూ ఒలికిపోతుంది, దాని బదులు దోసకాయ ముక్కలు, గింజలు తీసిన ఆపిల్ ముక్కలు పెట్టు. ఆగినప్పుడు మాత్రం నీళ్ళు చూపించు. మూడు వైపులా పల్చటి గుడ్డ కప్పు. పంజరానికి వెనక సీట్లో బెల్టు బిగించు, ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీటు వద్దు.

కారులో సెంటు సీసా ఉంటే నాలుగు రోజుల ముందే తీసి పారెయ్. పొగ, పెర్ఫ్యూమ్, స్ప్రేలు ఏవీ పిట్టల ఊపిరికి పడవు. ఏసీ గాలి సూటిగా తగలనివ్వకు. నిలిపిన కారులో వాటిని వదిలి ఐదు నిమిషాలు కూడా వెళ్ళకు. ఎండలో మూసిన కారు పది నిమిషాల్లో దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. పిట్టలకి చెమట పట్టదు, ఒళ్ళు చల్లబరుచుకోవడానికి వాటికి రొప్పడమే ముఖ్యమైన దారి.

తెల్లవారాక తల్లిదండ్రులు పిల్లలకి కడుపునిండా మేత పెడతాయి. సంచులు గుండ్రంగా నిండాక పిల్లల్ని పెట్టెలోకి తీసుకుని వెంటనే బయల్దేరు. రెండు గంటలకోసారి నీడలో ఆగి చూడు. నాలుగు గంటలకి సంచులు దాదాపు ఖాళీ అవుతాయి, అప్పుడు నువ్వు చేత్తో పెట్టాల్సిందే. ఇది దారిలో నేర్చుకునే పని కాదు. వారం ముందే, పిట్టల డాక్టరు దగ్గరో, పెంచడంలో బాగా చెయ్యి తిరిగినవాళ్ళ దగ్గరో కూర్చుని నేర్చుకో. కొత్తవాళ్ళకి సిరంజి కన్నా, అంచులు లోపలికి వంచిన చెంచా నయం. ఫార్ములా, అంటే పిల్లలకి వేడినీళ్ళలో కలిపి పెట్టే పొడి మేత, 39 నుంచి 41 డిగ్రీల మధ్య ఉండాలి. చేతి మీద చుక్క వేసుకుని అంచనా వెయ్యకు, థర్మామీటర్ పెట్టు. అంతకన్నా వేడిగా ఉంటే సంచి లోపల కాలుతుంది, చల్లగా ఉంటే అరగదు. కారు పూర్తిగా ఆగాకే, కిటికీలన్నీ మూసి ఉన్నాకే పెట్టు. కదిలే బండిలో ఒక్క చుక్క ఊపిరితిత్తుల్లోకి పోయినా పిల్ల మిగలకపోవచ్చు. పెద్ద పిట్టల పంజరం తలుపు మాత్రం దారిలో ఎక్కడా పూర్తిగా తెరవకు.

పెద్ద పిల్ల ముళ్ళ ఈకల్లో రక్తం ఉంటుంది. ఒకటి విరిగితే చూసేవాళ్ళకి గుండె ఆగినంత పనవుతుంది. కాస్త కార్న్‌ఫ్లోర్ అద్ది, శుభ్రమైన గుడ్డతో మెల్లగా నొక్కి పట్టుకో.

కొత్త ఇంట్లో సామాన్లు దింపడం తర్వాత చూసుకోవచ్చు. ముందు పాత పంజరం, పాత గూడు పెట్టె, లోపల ఆ పాత పొట్టుతోనే, అవే మూలల్లో బిగించు. ఆ రోజు గూడు శుభ్రం చెయ్యకు. పిల్లల్ని గూట్లో పెట్టి, తర్వాత తల్లిదండ్రుల్ని వదిలి, గదిలోంచి బయటికి వచ్చెయ్. రెండు గంటలాగి సంచులు చూడు. నిండితే సరే. ఖాళీగానే ఉంటే నువ్వు పెట్టి, మళ్ళీ వాటికి వదులు. మగపిట్ట ముందు లోపలికి వెళ్తే కంగారుపడకు, కాక్‌టీళ్ళలో పొదగడం, మేపడం రెండూ ఇద్దరూ చేస్తారు.

రాత్రి చిన్న లైటు ఒకటి వెలిగించి ఉంచు. కాక్‌టీళ్ళు కొత్త చోట చీకట్లో ఉలిక్కిపడి రెక్కలు కొట్టుకుంటాయి, ఆ గందరగోళంలో గూడు చల్లబడుతుంది. రెండోసారి సంచులు చూశాక నాకు ఫోన్ చెయ్, ఎంత రాత్రయినా మెలకువగానే ఉంటాను.

ప్రేమతో,
పెద్దమ్మ