‘మేధావి’ అన్న మాట కొట్టెయ్యి

తమ్ముడూ,

వరస హంతకుల మీద నువ్వు రాసిన పుస్తకం రాతప్రతి చదివాను. వాక్యం నీకు బాగానే నడుస్తుంది, ఆ సంగతి అలా ఉంచు. మొదటి 40 పేజీల్లోనే అమెరికా వరస హంతకుడు టెడ్ బండీని 11 సార్లు ‘మేధావి’ అన్నావు. పన్నెండోది కనబడగానే ఎర్రపెన్ను తీశాను.

1974 జులై 14న వాషింగ్టన్ రాష్ట్రంలో సమామిష్ సరస్సు దగ్గర ఆ మేధావి చేసిన పని చూడు. ఆదివారం, పట్టపగలు, ఒడ్డునిండా జనం. చేతికి కట్టు కట్టుకుని, పడవ ఎక్కించడానికి సాయం రమ్మని ఆడపిల్లల్ని అడుగుతూ తిరిగాడు. పేరు ‘టెడ్’ అని ఉన్నదున్నట్టు చెప్పాడు. అతని కారు వోక్స్‌వ్యాగన్ అని పోలీసులకు తెలిసింది. పేరూ కారూ తెలిసినా దొరకలేదంటే దాన్ని అతని తెలివి ఖాతాలో వేస్తావా? వాషింగ్టన్, యూటా, కొలరాడో పోలీసుల కాగితాలు ఒక బల్ల మీదకు రావడానికి ఏడాది పైనే పట్టింది. చివరికి 1975 ఆగస్టులో యూటాలో, 1978 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలో, రెండుసార్లూ చిక్కింది కారు ఆపిన గస్తీ పోలీసుకే.

అతను తప్పించుకున్న తీరుకైతే ఏకంగా హారతి పట్టావు. కేసు తనే వాదించుకుంటున్నాడని సంకెళ్లు విప్పి కోర్టు లైబ్రరీలో వదిలితే కిటికీలోంచి దూకాడు. రెండోసారి జైలు పైకప్పు కన్నంలోంచి పోయాడు. లేడని కనుక్కోవడానికి 17 గంటలకు పైగా పట్టింది. రాయాల్సింది ఆ 17 గంటల గురించి.

ఒక్కో హంతకుడికీ ఒక్కో కాగితం పెట్టుకుని నాలుగు గళ్లు గియ్యి. బాధితుల దగ్గరకు ఎలా చేరాడు? ఎవరిని ఎంచుకున్నాడు, వాళ్లు కనబడకపోతే వెతికేదెవరు? మూడో గడిలో నేరం చేసే పద్ధతి. నాలుగోది, ఎలా దొరికాడు. ఆ నాలుగోదే ముందు నింపు. హత్యల లెక్క కాగితం వెనక వెయ్యి, అదీ కోర్టులో రుజువైనవి ఒకచోట, మిగతావి మరోచోట. హెన్రీ లీ లూకాస్ అనే అమెరికా హంతకుడు వందల హత్యలు నావేనన్నాడు. నువ్వు ఆ అంకె పట్టుకుని అతన్ని మొదటి స్థానంలో కూర్చోబెట్టావు. అందులో చాలామటుకు కట్టుకథ. ఏ హత్య జరిగినప్పుడు అతనెక్కడున్నాడో చూసుకోకుండా రాస్తే నువ్వూ అతని మాటల్లో పడ్డట్టే.

మూడో గడి దగ్గరే నువ్వు తడబడ్డావు. బండీ చేతికట్టును ‘సిగ్నేచర్’ అన్నావు. అది బాధితురాలిని దగ్గరకు రప్పించే ఉపాయం, ఎమ్.ఓ. (మోడస్ ఆపరాండీ, అంటే నేరం చేసే పద్ధతి) కిందికి వస్తుంది. పని జరక్కపోతే హంతకుడు దాన్ని మార్చేస్తాడు. హత్య చేయడానికి అవసరం లేకపోయినా, వాడి మనసు తీరడానికి చేసే పని సిగ్నేచర్. అమెరికాలోని విచిటా ప్రాంతంలో 10 మందిని చంపిన డెనిస్ రేడర్ తనకు తనే ‘బీటీకే’ (కట్టెయ్, హింసించు, చంపు అనే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు) అని పేరు పెట్టుకుని ఉత్తరాలు రాయడం అలాంటిది. ఆ తహతహే వాడిని పట్టించింది. కంప్యూటర్ ఫ్లాపీ డిస్కు పంపితే ఆచూకీ తెలుస్తుందా అని పోలీసులనే అడిగాడు. ఫర్వాలేదని వాళ్లు పత్రికలో చిన్న ప్రకటన వేయిస్తే నమ్మి పంపాడు. చెరిపేశాననుకున్న ఫైల్లో చర్చి పేరు, ‘డెనిస్’ అనే పేరు మిగిలే ఉన్నాయి. 2005 ఫిబ్రవరిలో అరెస్టు.

వ్యక్తిత్వాల అధ్యాయం తిరగరాయక తప్పదు. సైకోపతీని (జాలి, పశ్చాత్తాపం లేని వ్యక్తిత్వాన్ని) కొలిచే హేర్ చెక్‌లిస్టులో 20 అంశాలుంటాయి, ఒక్కోదానికి 0 నుంచి 2 మార్కులు. వాటిని వేసేది శిక్షణ ఉన్నవాళ్లు, మనిషి ఫైళ్లన్నీ ముందు పెట్టుకుని. పేపరు కటింగులు చూసి 40కి 39 వేసే హక్కు నీకెక్కడిది? ‘పద్ధతైన’, ‘పద్ధతిలేని’ అని రెండు గదులు కట్టి అందర్నీ వాటిలోకి తోలావు. ఎఫ్‌బీఐ ఆ విభజనకు ఆధారం 36 మంది ఖైదీలతో జరిపిన సంభాషణలు. మనస్తత్వవేత్త డేవిడ్ కాంటర్ బృందం 100 మంది హంతకుల నేరాలు పరిశీలించి, అలా రెండు ముక్కలుగా విడదీయడం కుదరదని 2004లో తేల్చింది.

ముఖచిత్రం మీద హంతకుడి నవ్వు లేనిదే పుస్తకం కదలదనే సంపాదకులు తగులుతారు. ‘డాక్టరు టైప్‌రైటర్‌లో కిక్కేముందండీ’ అంటారు వాళ్లే. ఆ డాక్టరు, ఇంగ్లండు హంతకుడు హెరాల్డ్ షిప్‌మన్‌ను మించిన పాఠం నాకైతే కనబడలేదు. ముసలివాళ్లకు డయామార్ఫిన్ అనే ఘాటైన నొప్పి మందు ఇంజెక్షన్ ఇచ్చేది తనే, మరణ ధ్రువపత్రం రాసేదీ తనే. 1998 మార్చిలో పోలీసులు విచారణ మొదలుపెట్టి, ఏమీ లేదని మూసేశారు. ఆ తర్వాత ఇంకో ముగ్గురు పోయారు. దొరికింది దేనివల్ల? 3,86,000 పౌండ్లు తనకే రాసినట్టు సొంత టైప్‌రైటర్ మీద కొట్టిన దొంగ వీలునామా వల్ల. అదీ తను చంపిన ఒక ముసలావిడ పేరు మీద, ఆవిడ కూతురేమో లాయరు! కోర్టులో రుజువైనవి 15, విచారణ సంఘం మొదటి నివేదికలో తేల్చినవి 215. నీ పుస్తకంలో అతనికి ఒకటిన్నర పేజీ ఇచ్చావు.

ముందు ఆ అధ్యాయం రాసి పంపు. టైప్‌రైటర్‌తో మొదలుపెట్టు.