బయ్యర్ ఇంగ్లిష్ అర్థం కాకపోతే “పార్డన్” అనకండి

“భీమవరంలో రొయ్యల ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో కొత్తగా చేరాను. ఫోన్లో విదేశీ బయ్యర్ మాట అర్థం కాకపోతే మర్యాదగా మళ్లీ ఎలా అడగాలి?” అని అడిగారు.

మర్యాదకి గోదావరి జిల్లాల్లో లోటేముందండి! ముందు మానాల్సింది “ఆయ్”. మనం “ఆయ్, ఆయ్” అంటే వింటున్నామని. అదే అలవాటున ఫోన్లో “యెస్, యెస్” అంటూ పోతే అవతలివాళ్లకి అది ఒప్పుకోలు. రేటుకీ ఒప్పుకున్నట్టే, తేదీకీ ఒప్పుకున్నట్టే. వింటున్నట్టు తెలియడానికి “ఐ సీ”, “గో ఆన్” చాలు.

రెండోది “పార్డన్”. ఆ మాటకి ఆయన మొదట్నుంచీ అదే వేగంతో మళ్లీ చెబుతాడు, పోయిన ముక్క మళ్లీ అక్కడే పోతుంది. విన్నంతవరకూ మీరే తిరిగి అప్పజెప్పి, తెగిన చోట అడగండి.

అమెరికా బయ్యర్ ఆర్డర్ చెబుతున్నాడనుకోండి: హెడ్‌లెస్ (తల తీసినవి), షెల్ ఆన్ (పెంకుతో), సిక్స్‌టీన్ ట్వెంటీ, ట్వెంటీ పర్సెంట్ గ్లేజ్ (రొయ్య మీద ఐసు పూత). వెంటనే “సో, హెడ్‌లెస్ షెల్ ఆన్, సిక్స్‌టీన్ టు ట్వెంటీ. ఈజ్ దట్ పర్ పౌండ్?” అనాలి. మన చెరువు గట్టు మీద 40 కౌంట్ అంటే తలతో సహా కిలోకి 40. ఆయన 16/20 తల తీసేశాక పౌండుకి, అంటే కిలోకి సుమారు 35 నుంచి 44. చూడ్డానికి మన 40కి దగ్గరే, కానీ తల తీశాక కిలోకి అన్ని తూగాలంటే చెరువులో ఇంకా పెద్ద రొయ్య కావాలి. గ్లేజ్ కూడా అంతే. “ఈజ్ ద నెట్ వెయిట్ వితౌట్ గ్లేజ్?” అని అడక్కపోతే, కిలో ప్యాకెట్లో 800 గ్రాముల రొయ్య, 200 గ్రాముల ఐసా, లేక కిలో రొయ్య మీద విడిగా ఐసా అన్నది తేలదు. తేలని ఆ 200 గ్రాములు కంటైనరంతా లెక్కేస్తే ఎంతో చూసుకోండి.

థర్టీన్, థర్టీ ఒకేలా వినబడితే “వన్ త్రీ, ఆర్ త్రీ జీరో?” అని విడదీయండి. కంటైనర్ నంబర్లో 4 అక్షరాలు, 7 అంకెలు. ఎం, ఎన్ తేడా తెలియడానికి “మైక్”, “నవంబర్” అని చెప్పించుకోండి. 05/06 మనకి జూన్ 5, అమెరికాలో మే 6. నెల పేరు పలకాల్సిందే.

స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్లలో నెలల తరబడి టెన్సులు వల్లె వేయిస్తారు గానీ, వ్యతిరేక ప్రశ్నకి జవాబు ఎలా చెప్పాలో నేర్పరు. నన్నడిగితే నష్టం తెచ్చేది అదే. “హావెంట్ యూ రిసీవ్డ్ ద ఎల్‌సీ?” (డబ్బుకి బయ్యర్ బ్యాంకు ఇచ్చే హామీ పత్రం అందలేదా) అంటే మనం “అవునండి, రాలేదు” అనే లెక్కన “యెస్” అంటాం. ఆయన వచ్చిందనుకుని ఊరుకుంటాడు. యెస్, నో రెండూ వదిలేసి “వీ హావ్ నాట్ రిసీవ్డ్ ఇట్ యెట్” అని పూర్తి వాక్యం చెప్పండి. “ఐ హావ్ ఎ డౌట్” కూడా వద్దు, నమ్మకం లేదన్నట్టు వినబడుతుంది. “ఐ హావ్ ఎ క్వశ్చన్” అనండి.

ఫోన్ పెట్టేశాక పది నిమిషాల్లోపే “జస్ట్ టు కన్‌ఫర్మ్” అని మొదలుపెట్టి కౌంట్, గ్లేజ్, నెట్ వెయిట్, షిప్‌మెంట్ తేదీ నాలుగు లైన్లలో మెయిల్ పెట్టండి. దానికి జవాబు వచ్చేదాకా ప్యాకింగ్ సెక్షన్‌కి చీటీ పంపకండి.