ఇరుకు పార్కింగ్‌కి నా మందు: ఒక గీత, ఒక బంతి, రెండు చెక్కముక్కలు

కొత్త ఇంట్లో పార్కింగ్ ఇరుకుగా ఉంది, కారు రోజూ ఎక్కడో ఒకచోట గీసుకుంటోంది, కెమెరా, సెన్సర్లు పెట్టించాలా లేక చవకలో అయ్యే ఉపాయం ఏమైనా ఉందా అని కదా మీరు అడిగింది. ఉంది. నాకు మొత్తం కలిపి ఆరువందలు కూడా కాలేదు. కాకపోతే అంతకు ముందే బంపర్ రంగుకి నాలుగున్నర వేలు వదిలాయి, ముందు ఆ సంగతి చెప్తాను, ఎందుకంటే అసలు విషయం అందులోనే ఉంది.

మేముండేది బెంగళూరు రామమూర్తి నగర్‌లో, థర్టీ ఫార్టీ (ముప్పై అడుగులకి నలభై అడుగుల) సైట్‌లో కట్టిన అద్దె ఇల్లు. ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు, కింద పార్కింగ్, నేలలో సంపు, దాని పక్కన ఎవరిదో స్కూటర్, ఓ పక్క మెట్లు, గోడకి కరెంటు మీటర్లు, గేటు దాటగానే మోరీ మీదుగా రోడ్డుకి దిగే ర్యాంపు. కారు బలెనో. చేరిన మొదటి వారమే రాత్రి తొమ్మిదింటికి రివర్స్‌లో పెడుతుంటే ఎదురింటాయన పాపం సాయానికి వచ్చి వెనక నిలబడి "బన్ని, బన్ని, రైట్ రైట్" అన్నాడు. కన్నడలో బన్ని అంటే రండి అని, రైట్ రైట్ అంటే ఆయన ఉద్దేశం పోనివ్వమని. నేను టెన్షన్‌లో స్టీరింగ్ కుడివైపు తిప్పాను. రివర్స్‌లో కుడికి తిప్పితే కారు తోక కుడికి పోతుంది, మూతి ఎడమకి ఊగుతుంది, ఆ ఊగిన మూతి వెళ్లి ఎడమవైపు గేటు స్తంభానికి రాసుకుంది. మా నాన్న మదనపల్లె డిపోలో ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యాడు. ఫోన్లో విని, "జీవితమంతా రైట్ రైట్ అంటే ముందుకు పోనిచ్చినోడి కొడుకువి, నువ్వు కుడికి తిప్పినావేందిరా" అని ఒకటే నవ్వు.

ఇప్పుడు గమనించండి, నా కారుకి వెనక సెన్సర్లున్నాయి, కెమెరా కూడా ఉంది. 2019 జూలై 1 నుంచి మన దేశంలో తయారయ్యే కార్లన్నిటికీ వెనక సెన్సర్లు తప్పనిసరి చేశారు కాబట్టి మీ కారు ఆ తర్వాతదైతే మీకూ ఉండే ఉంటాయి. అవి చూసేది వెనక్కి. ఇరుకు చోట దెబ్బ తగిలేది ముందు మూలకీ పక్కలకీ. పైగా గోడలు దగ్గరగా ఉంటే సెన్సరు లోపలికి వచ్చినప్పటినుంచీ కుయ్యోమని మోగుతూనే ఉంటుంది, అది మోగితే ఆగాలా ఇంకా పోవచ్చా అనేది తెలీదు. సన్నటి కడ్డీ, కిందకి ఉన్న పంపు పైపు లాంటివి దానికి ఒక్కోసారి కనపడవు కూడా. అందుకే ఉన్నవాటి మీద ఇంకో పరికరం కొనకండి. సీట్లో కూర్చున్న మీకు రోజూ ఒకే చోట కనపడే గుర్తు కావాలి, అంతే.

ముందు టేపుతో కొలవండి. ఇది చాలామంది చెయ్యరు, నేనూ చెయ్యలేదు. మా పార్కింగ్ లోపల వెడల్పు 8 అడుగుల 2 అంగుళాలు. బలెనో వెడల్పు 1745 మిల్లీమీటర్లు, అంటే అయిదడుగుల తొమ్మిది అంగుళాలకి కాస్త తక్కువ. మిగిలేది 29 అంగుళాలు. దాన్ని రెండువైపులా సమానంగా పంచితే ఏ తలుపూ సరిగ్గా తెరుచుకోదు, కాబట్టి డ్రైవరు వైపు రెండడుగులు వదిలి ఎడమవైపు అయిదు అంగుళాలతో సరిపెట్టుకోవాలి, ఎక్కినవాళ్లంతా గేటు బయటే దిగాలి. మా అత్తగారికి ఇది నచ్చలేదు గానీ వేరే దారి లేదు. ఒక్క మాట, కంపెనీ చెప్పే వెడల్పులో పక్క అద్దాలు కలిసి ఉండవు, అద్దాలు తెరిచి మీరే ఓసారి కొలుచుకోండి.

రివర్స్‌లోనే పెట్టండి. తిరిగేవి ముందు చక్రాలు కాబట్టి తోకని ముందు సందులోకి దూర్చేస్తే మూతిని ఎటు కావాలంటే అటు సర్దుకోవచ్చు. మూతితో దూరితే వెనక చక్రాలు లోపలివైపు కోసుకుని వస్తాయి, స్తంభానికి తలుపులు రాసుకునేది అప్పుడే. ఇంకో లాభం కూడా ఉంది, అద్దాలుండేది కారు ముందు సగంలో, కాబట్టి వెనక తలుపు లోపలికి వచ్చేదాకా ఎడమ అద్దంలో చూసుకుని, స్తంభం దగ్గరకి వచ్చాక ఆగి, మడిచి, మళ్లీ కదలొచ్చు.

ఇక గీత. ఇదే అన్నిటికన్నా పనికొచ్చింది. నాన్న వచ్చినప్పుడు ఆయన్ని బయట నిలబెట్టి, ఏడెనిమిదిసార్లు ముందుకీ వెనక్కీ ఆడి, కారు సరిగ్గా కుదిరాక కుడివైపు రెండు టైర్ల అంచు వెంబడి సుద్దముక్కతో గీశాం. కారు తీశాక ఆ సుద్దగీత మీద పసుపు ఎనామిల్ పెయింట్. రంగు టేపు అతికించి చూశాను ముందు, పార్కింగ్ టైల్స్ మీద దుమ్ముకీ వాన తడికీ పది రోజుల్లో లేచిపోయింది. గీత కుడివైపే ఎందుకంటే మనం కూర్చునేది అటు, కిటికీలోంచి తల బయటపెడితే టైరూ గీతా రెండూ కనపడతాయి, ఎడమ అద్దాన్ని నమ్ముకుంటే అది కుంభాకారంగా ఉంటుంది కాబట్టి దగ్గరున్నది కూడా దూరంగా కనిపిస్తుంది. మేం మొదట చేసిన తప్పు, గీత గేటు లోపల మాత్రమే వేశాం. లోపలికి వచ్చాక వంకర సరిచేసుకోవడానికి చోటెక్కడుంది? నాన్న చూసి, "బస్సు ప్లాట్‌ఫాం కాడికి వచ్చినాక కాదురా, స్టాండులోకి తిరిగేటప్పుడే సరి చేసుకోవల్ల" అన్నాడు. దాంతో గీతని ర్యాంపు మీదుగా మోరీ దాకా పొడిగించాం. ఆ రోజు నుంచి గోడ గొడవ తీరిపోయింది, ఇప్పుడు మా ఆవిడ నాకన్నా వేగంగా పెడుతుంది.

పొడవు సంగతి వేరే. మాది నాలుగు మడతల గేటు, రెక్క రెండడుగులు, లోపలికి తెరుచుకుంటుంది. పార్కింగ్ పొడవు 16 అడుగులు, కారు 13 అడుగుల పైన ఒక అంగుళం, మిగిలిన 35 అంగుళాల్లో గేటు రెక్క తిరగడానికి పాతిక పోతే వెనక గోడకి పది. ఆ పది అంగుళాలు అందకపోతే గేటు పడదు, దాటితే గోడ. మార్కెట్లో రబ్బరు స్టాపర్లు దొరుకుతాయి, నేలకి బోల్టులు కొట్టి బిగిస్తారు, మంచివే. కానీ అద్దె ఇంట్లో ఓనరు డ్రిల్లింగ్ ఒప్పుకోడు, సొంత ఇల్లయినా కింద సంపు స్లాబో పైపో ఉందేమో చూసుకోకుండా కొట్టకండి. అర ఇటుక పెట్టి చూశా, టైరు తోస్తే జరిగిపోయింది. చివరికి పక్క వీధిలో ఇల్లు కడుతున్నచోట మేస్త్రీని అడిగి మూడు అంగుళాల మందం ఉన్న సెంట్రింగ్ చెక్క తెచ్చి, వెనక గోడకీ టైరుకీ మధ్య ఎంత దూరం ఉందో అంత పొడవుకి రెండు ముక్కలు కోయించాను. ఒక కొన గోడని తన్ని ఉంటుంది, రెండో కొన టైరుకి తగులుతుంది. గోడ జరగదు కాబట్టి చెక్క జరగదు, మేకు అక్కర్లేదు. టైరు మెల్లగా ఆనగానే ఆగిపోవాలి, యాక్సిలేటర్ తొక్కితే మూడు అంగుళాలు ఎక్కేస్తుంది.

బంతి మాట కూడా వినే ఉంటారు, సీలింగ్ నుంచి దారంతో వేలాడదీసి ముందు అద్దానికి తగలగానే ఆపమంటారు. అది మూతితో వచ్చేవాళ్లకి. రివర్స్‌లో వచ్చే నేను దాన్ని కుడివైపుకి మార్చాను, నా కిటికీ పక్కన సరిగ్గా భుజం దగ్గరకి వచ్చిందంటే చెక్క ఇంకో జానెడు దూరంలో ఉన్నట్టు, బ్రేకు మీద కాలు సిద్ధం. దారం నైలాన్‌ది కట్టండి, సాగేది వద్దు. మా ఓనరమ్మ పైనుంచి దిగుతూ దాన్ని చూసి "ఇదేనప్పా, దృష్టి బొంబెనా?" అని అడిగింది, అంటే ఇదేంటప్పా, దిష్టిబొమ్మా అని. అవునన్నాను, తీసేయమనకుండా ఉంటుందని.

స్తంభం మూలకి ఏసీ పైపులకి చుట్టే నల్ల స్పాంజి గొట్టం కొని, నిలువుగా చీల్చి, తొడిగి తాడుతో కట్టండి, చౌకలో అయిపోతుంది. తలుపు అంచు తగిలేచోట పాత యోగా మ్యాట్ ముక్క. లేజర్ లైట్లు అవీ ఎవరో చెప్తారు, పిల్లలున్న ఇంట్లో కంటికి ప్రమాదం, నాకైతే అనవసరం. పిల్లలంటే గుర్తొచ్చింది, గుర్తులన్నీ కుదిరాక ధీమా వచ్చి వెనక చూడ్డం మానేస్తాం, ఎక్కే ముందు ఒక్కసారి కారు చుట్టూ తిరగండి, మా వీధి పిల్లులకి టైరు కింద పడుకోవడం అలవాటు.

మీ వెడల్పు కొలిచి చూడండి. కారు వెడల్పు మీద కనీసం మాకులాగా 29 అంగుళాలన్నా మిగలకపోతే ఏ బంతీ గీతా పనిచెయ్యవు, ముందు ఆ స్కూటర్లని ఎటైనా జరిపించే ఏర్పాటు చూసుకోవాలి. కొలతలూ, గేటు ఎటు తెరుచుకుంటుందో ఇక్కడ రాస్తే చెక్క ఎంత పొడవు కోయించాలో నేనే లెక్కేసి చెప్తాను.