అన్నయ్య పోర్షే కారును దుబాయ్ నుంచి తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా అన్నయ్య చాలా ఏళ్లుగా దుబాయ్‌లో ఉంటున్నాడు, త్వరలో ఇండియాకు వచ్చేస్తున్నాడు. 2021లో తయారైన పోర్షే 718 కేమన్ కారు అతని పేరు మీద ఉంది. అక్కడ అమ్మితే నష్టమని, నాకు గిఫ్ట్‌గా ఇస్తానంటున్నాడు. ఇక్కడ ఒక ఏజెంటు, ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ (విదేశాల నుంచి తిరిగి వచ్చేసేవారికి కస్టమ్స్ ఇచ్చే రాయితీ) కింద చెన్నై పోర్టులో దింపిస్తానని, గిఫ్ట్ కాబట్టి డ్యూటీ పెద్దగా పడదని అంటున్నాడు. లెఫ్ట్ హ్యాండ్ స్టీరింగ్‌తో ఇబ్బంది వస్తే విడిభాగాలుగా తెచ్చి ఇక్కడ బిగించవచ్చట. అడ్వాన్సుగా రెండున్నర లక్షలు బ్యాంకు ద్వారా పంపాను. కారు ఇంకా షిప్ ఎక్కలేదు. ఇది కుదరకపోతే హిమాచల్ నంబరుతో ఉన్న ఇంకో విదేశీ స్పోర్ట్స్ కారు తక్కువలో ఇప్పిస్తానని కూడా అంటున్నాడు. నేనేం చేయాలి?
– పేరు వద్దు, బెంగళూరు

జవాబు: కారు ఇంకా షిప్ ఎక్కలేదన్నారు కదా, అదే మీ అదృష్టం. ఎక్కనివ్వకండి.

మీ ఏజెంటు చెప్పిన మాటల్లో చట్టం ముందు నిలిచేది ఒక్కటీ లేదు. అన్నిటికంటే ముఖ్యమైనది స్టీరింగ్. విదేశాల్లో వాడిన కారును మన దేశంలోకి తేవాలంటే విదేశీ వాణిజ్య విధానంలో కొన్ని షరతులు ఉన్నాయి. స్టీరింగ్ కుడివైపు ఉండాలి. తయారైన తేదీ నుంచి మూడేళ్లు దాటకూడదు. స్పీడోమీటరు కిలోమీటర్లలో చూపించాలి. హెడ్‌లైట్ల వెలుగు, ఎడమవైపు నడిచే మన ట్రాఫిక్‌కు సరిపోయేలా ఉండాలి. షిప్ ఎక్కే ముందు గుర్తింపు పొందిన సంస్థ దగ్గర పరీక్ష చేయించి సర్టిఫికెట్ తేవాలి. ఇక్కడికి వచ్చాక మళ్లీ పరీక్ష ఉంటుంది. ఇంకో అయిదేళ్లు రోడ్డు మీద తిరగగలదని, సర్వీసు దొరుకుతుందని హామీ ఇవ్వాలి. దుబాయ్‌లో వాహనాలు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి, అంటే మీ అన్నయ్య కారు స్టీరింగ్ ఎడమవైపే. పైగా అది 2021లో తయారైంది. మొదటి రెండు షరతుల దగ్గరే ఆగిపోతుంది. మూడేళ్ల లెక్క కంపెనీ తయారు చేసిన తేదీ నుంచి మొదలవుతుంది, రిజిస్ట్రేషన్ తేదీ నుంచి కాదు. జపాన్, బ్రిటన్ కార్ల మీద మోజున్న కుర్రాళ్లు చాలామంది ఈ తేడా పట్టించుకోరు. కుడివైపు స్టీరింగ్ ఉంది కదా అని పాతికేళ్ల నాటి నిస్సాన్ స్కైలైన్ కారును బేరం ఆడేస్తారు.

ఇక చెన్నై పోర్టు. కొత్త కార్లు దింపుకోవడానికి చెన్నై, ఎన్నూరు, విశాఖ లాంటి పోర్టులకు అనుమతి ఉంది. వాడిన కార్లకు మాత్రం ముంబై పోర్టు ఒక్కటే. ఈ పనిలో ఉన్నవాడికి తెలిసి ఉండాల్సిన మొదటి విషయమే ఇది. చెన్నై అన్నాడంటే ఆయనకు ఈ పని తెలియదు, లేదా మీకు తెలియదని తెలుసు.

ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ రాయితీ ఇంటి సామాన్లకు. కస్టమ్స్ చట్టం సెక్షన్ 2లో బ్యాగేజీకి ఇచ్చిన నిర్వచనంలోనే మోటారు వాహనాలు దానిలోకి రావని రాసి ఉంది. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ లెక్క వేరు, కారు లెక్క వేరు. శాశ్వతంగా తిరిగి వచ్చేస్తున్నా కారుకు పూర్తి డ్యూటీ కట్టాల్సిందే. గిఫ్ట్ సంగతీ అంతే. అన్నదమ్ముల మధ్య గిఫ్ట్‌కు ఇన్‌కమ్ టాక్స్ ఉండదు, నిజమే. కానీ కస్టమ్స్ వాళ్లు చూసేది మీరెంత చెల్లించారని కాదు, ఆ కారు విలువ ఎంతని. కొత్తప్పటి ధర తీసుకుని, వాడిన కాలానికి తరుగు తీసి, రవాణా ఖర్చు, ఇన్సూరెన్స్ కలిపి విలువ కడతారు.

ఆ విలువ మీద ఎంత పడుతుందో చెబితే మీకే అర్థమవుతుంది. 2025 బడ్జెట్ తర్వాత వాడిన కార్ల మీద బేసిక్ డ్యూటీ 70 శాతం, దాని పైన వ్యవసాయ మౌలిక వసతుల సెస్ 67.5 శాతం. రెండూ కలిపి 137.5 శాతం. అంతా కూడిన మొత్తం మీద మళ్లీ ఐజీఎస్టీ, అంటే దిగుమతుల మీద వేసే జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి పెద్ద పెట్రోలు కార్లకు అది 40 శాతం. విలువ 50 లక్షలు అనుకుందాం. డ్యూటీ, సెస్ కలిపి 68.75 లక్షలు. అప్పటికి 118.75 లక్షలయింది. దాని మీద ఐజీఎస్టీ 47.5 లక్షలు. పోర్టు గేటు దాటేసరికి కారు ఖరీదు కోటీ 66 లక్షలు. తర్వాత బెంగళూరు ఆర్టీఓలో కర్ణాటక లైఫ్‌టైమ్ టాక్స్. 20 లక్షలు దాటిన కార్లకు 18 శాతం, ఆ పన్ను మీద సెస్ వేరే. మొత్తం రెండు కోట్ల దాకా వస్తుంది. అన్ని షరతులూ నెరవేరిన కారుకే ఈ లెక్క. మీ కారు అసలు ఈ లెక్క దాకా కూడా రాదు.

విడిభాగాల సలహా విని నవ్వొచ్చింది కానీ, ఇందులో ఉన్న ప్రమాదం మాత్రం చిన్నది కాదు. కస్టమ్స్ టారిఫ్‌లో వర్గీకరణ నియమాలు ఉంటాయి. వాటిలో 2ఏ నియమం ప్రకారం, విప్పి తెచ్చినా, కొంత అసంపూర్తిగా తెచ్చినా, వస్తువు అసలు స్వరూపం తెలుస్తుంటే దాన్ని పూర్తి వస్తువుగానే లెక్కిస్తారు. ఇంజిన్ ఒక కంటైనర్‌లో, బాడీ ఇంకో కంటైనర్‌లో వచ్చినా అధికారి కంటికి అది పోర్షే కారే. పైగా ‘స్పేర్ పార్ట్స్’ అని తప్పుడు డిక్లరేషన్ ఇచ్చినట్టు అవుతుంది. కస్టమ్స్ చట్టం సెక్షన్ 111 కింద కారు జప్తు, 112 కింద పెనాల్టీ, తీవ్రతను బట్టి 135 కింద క్రిమినల్ కేసు. బిల్ ఆఫ్ ఎంట్రీలో, అంటే దిగుమతి వివరాలతో కస్టమ్స్‌కు ఇచ్చే పత్రంలో, పేరు మీదైతే నోటీసూ మీకే వస్తుంది. అప్పుడు ఏజెంటు ఫోన్ ఎత్తడు. ఇక అక్కడే స్టీరింగ్ మార్పించి పంపుదామనే ఆలోచన ఏమైనా ఉంటే అదీ వదిలేయండి. అమెరికాలో కొన్న కార్లకు దుబాయ్, శ్రీలంకల్లో స్టీరింగ్ కుడివైపుకు మార్పించి, విలువ తక్కువ చూపి దింపుతున్నారన్న ఆరోపణ మీద 2025లో డీఆర్ఐ (స్మగ్లింగ్, డ్యూటీ ఎగవేతలను పట్టుకునే కేంద్ర సంస్థ) హైదరాబాద్ డీలరు ఒకరిని అరెస్టు చేసింది.

ఇప్పుడు హిమాచల్ కారు. నిజానికి మీ ఉత్తరం చదివాక నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. 2025 సెప్టెంబరులో కొచ్చి కస్టమ్స్ వాళ్లు ‘ఆపరేషన్ నుంఖోర్’ పేరుతో కేరళలో సోదాలు చేశారు, సినిమా నటుల ఇళ్లూ అందులో ఉన్నాయి. భూటాన్ మీదుగా పాత కార్లను దొంగతనంగా దాటించి, నకిలీ కాగితాలతో హిమాచల్ లాంటి రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ చేయించారన్నది అధికారుల ఆరోపణ. హిమాచల్ నంబరు ఉన్న ప్రతి కారూ దొంగ కారని నేననను. ధర మరీ తక్కువ, నంబరు ఎక్కడిదో దూరం, అమ్మేవాడు మాత్రం మీ ఊరివాడు అంటే అనుమానించాల్సిందే.

అలాంటి కారు చూడటానికి వెళ్తే మొదట అడగాల్సింది బిల్ ఆఫ్ ఎంట్రీ. ఆర్సీ కార్డు తర్వాత. అందులోని ఛాసిస్ నంబరును కారు అద్దం కింద కనిపించే నంబరుతో, డోరు దగ్గరి ప్లేటుతో ఒక్కో అంకె సరిచూడండి. ఏ పోర్టులో దిగింది, ఎవరి పేరున దిగింది, డ్యూటీ ఎంత కట్టారో చూడండి. ‘ఆ పేపరు మొదటి ఓనరు దగ్గర ఉండిపోయింది సార్’ అంటే అక్కడితో లేచి వచ్చేయండి. కొన్నాక ఇబ్బంది వస్తే? కొచ్చి కస్టమ్స్ పరిధిలోని ఒక పోర్షే కరేరా కేసులో, చేతులు మారాక కొన్నవాడు దిగుమతిదారు కాడు, అతన్ని డ్యూటీ కట్టమనడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. అది కొనుగోలుదారుకు మంచి ఊరట. కాకపోతే ఆ తీర్పు వచ్చేదాకా ఆయన ఎన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరిగి ఉంటాడో ఆలోచించండి. దొంగతనంగా దాటించిన కారైతే ముందు జప్తు చేసి తీసుకుపోతారు, మీ వాదన తర్వాత వింటారు.

వేరే రాష్ట్రం బండిని బెంగళూరులో తిప్పడం కూడా అంత తేలిక కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47 ప్రకారం 12 నెలలు దాటి ఇక్కడ ఉంచితే కర్ణాటక నంబరు తీసుకోవాలి, టాక్స్ కట్టాలి. 2025 జూలైలో మహారాష్ట్ర నంబరుతో తిరుగుతున్న ఒక ఫెరారీని ఆర్టీఓ అధికారులు పట్టుకుంటే ఓనరు 1.41 కోట్లు ఒక్కసారే కట్టాడు. ఈ నగరంలో ఖరీదైన కారు ఎవరి కంటా పడకుండా ఉండదు.

మీ రెండున్నర లక్షల సంగతి. బ్యాంకు ద్వారా పంపారు కాబట్టి రుజువు ఉంది. ఏజెంటు పంపిన వాట్సాప్ మెసేజ్‌లు, వాయిస్ నోట్లు చెరిపేయకండి. కస్టమ్స్ బ్రోకర్ లైసెన్సు నంబరు చెప్పమని రాతపూర్వకంగా అడగండి. చెప్పకపోతే అదీ మీకు పనికొస్తుంది. తర్వాత లాయరు ద్వారా నోటీసు ఇప్పించండి. తప్పుడు మాటలు చెప్పి ఒప్పించిన ఒప్పందాన్ని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19 కింద మీరు రద్దు చేసుకోవచ్చు, సెక్షన్ 64 కింద డబ్బు వెనక్కి అడగవచ్చు. తిరిగి ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు ఉండదు, గడువు రెండేళ్లు. మొదటినుంచీ మోసం చేసే ఉద్దేశమే ఉందని అనిపిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు. కాకపోతే వాళ్లు సివిల్ గొడవ అని పంపించేసే అవకాశం ఎక్కువ. అందుకే ముందు కమిషన్ దారి పట్టమంటాను. ఒక్క జాగ్రత్త: విడిభాగాల ప్లాన్‌కు ‘సరే’ అంటూ ఏజెంటుకు ఇక ఒక్క మెసేజ్ కూడా పెట్టకండి. రేపు ఆయన దాన్నే తీసుకొచ్చి, ఇద్దరం తెలిసే చేశామంటాడు.

అన్నయ్యకు ఈరోజే ఫోన్ చేయండి. ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్‌కు అప్లై చేయవద్దని, ఒరిజినల్ కాగితాలు ఎవరికీ ఇవ్వవద్దని చెప్పండి. ఆయన అక్కడ ఉండగానే అక్కడే అమ్మేస్తే, నష్టం వచ్చినా ఇక్కడ ముంబై పోర్టులో రోజువారీ డెమరేజ్ (సరుకు విడిపించుకోకుండా ఉంచినందుకు పడే రుసుము) కట్టుకుంటూ కూర్చోవడం కంటే అది చాలా తక్కువ.